వసయి కోట, 1739: గోడ ఎక్కి కాదు, గోడ కింద తవ్వి

తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: మరాఠాలకు కొండలు, గుర్రాలు, మెరుపుదాడులు తప్ప ముట్టడి చేతకాదంటారు కదా, మరి పోర్చుగీసువాళ్ళు రెండొందల ఏళ్ళు కదలకుండా కూర్చున్న, ముంబైకి ఉత్తరాన ఉన్న వసయి కోటను 1739లో ఎట్లా తీసుకున్నారు, లోపలివాళ్ళెవరైనా డబ్బు తిని తలుపు తీశారా అని.

ఎవరూ తీయలేదు. 1687లో గోల్కొండలో లంచం తిన్నవాడొకడు అర్ధరాత్రి తలుపు తీసిన కథ మన బుర్రల్లో ఎంత గట్టిగా దిగిందంటే, ఏ కోట పడిపోయిందని విన్నా ముందు ద్రోహి ఎవరని వెతుకుతాం. వసయిలో ద్రోహి లేడు. మట్టి తవ్వినవాళ్ళున్నారు, మందుగుండు కూరినవాళ్ళున్నారు, ఆ మందు పేలాల్సిన టైముకి పేలక దాని మీదే చచ్చిపోయినవాళ్ళున్నారు. నేను చెప్పేది ఎక్కువగా వాళ్ళ గురించే, ఎందుకంటే నాకు తెలిసిన పని అది.

నాది పాలమూరు. మా నాయన రాళ్ళ పనికే ఇటు వచ్చాడు, నేను ఇరవై ఎనిమిదేళ్ళు థానే జిల్లా క్వారీల్లో, తర్వాత నీళ్ళ సొరంగాల్లో బ్లాస్టింగ్ చేశాను. ఇల్లు భివండీలో, చుట్టూ మగ్గాలు నడిపే మన పద్మశాలీలే. వసయి కోట ఇక్కడికి ఎంతో దూరం కాదు, ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. చరిత్ర మీద డిగ్రీ ఏమీ లేదు, చదివింది చదివాను, మిగతాది గోడల దగ్గర నిలబడి చూసింది.

ముందు ఆ చోటు ఎట్లా ఉంటుందో చెప్పాలి, అది తెలియకపోతే మిగతాదంతా అర్థం కాదు. కోటకి మూడు వైపులా నీళ్ళు, సముద్రమూ ఉల్హాస్ నది ఖాడీ కలిసేచోటు. ఖాడీ అంటే సముద్రపు పోటు లోపలికి వచ్చే పాయ. నాలుగో వైపు, ఉత్తరాన, ఇసుక నేల. గోడలు ముప్పై అడుగుల పైన ఉంటాయి, పదకొండు బురుజులు, ఒక్కోదానికి ఒక్కో పేరు, ఎక్కువ వాళ్ళ సెయింట్ల పేర్లే. రెండే ముఖ్యమైన ద్వారాలు, ఒకటి సముద్రం వైపు, ఒకటి నేల వైపు. బురుజులు మన కోటల్లో లాగా గుండ్రంగా ఉండవు, కోణాలుగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక బురుజు కాళ్ళ దగ్గరికి నువ్వు పరిగెత్తుకుంటూ వస్తే పక్క బురుజు మీదున్నవాడు నిన్ను అడ్డంగా కాలుస్తాడు, దాక్కునే మూల ఉండదు. యూరప్‌లో ఫిరంగుల కాలం వచ్చాక పుట్టిన డిజైన్ అది. శివాజీ సర్దారు తానాజీ ఉడుముకి తాడు కట్టి కోట ఎక్కాడన్న కథ వినీ వినీ మనకు కోట అంటే రాత్రిపూట తాడు కట్టి ఎక్కేదని ఒక లెక్క ఉంది. ఇక్కడ అది నడవదు.

నడవదని మరాఠాలకి ఎట్లా తెలిసిందంటే, చేసి చూశారు కాబట్టి. 1737 వేసవి మొదట్లో పేష్వా (మరాఠా రాజ్యాన్ని నడిపించే ప్రధాని) బాజీరావు తమ్ముడు చిమాజీ అప్పా సాష్టీ దీవి మీద పడ్డాడు. సాష్టీ అంటే ఇప్పటి ముంబై సబర్బన్ అంతా, ఇంగ్లీషువాళ్ళ నోట్లో సాల్సెట్. థానే కోట అప్పటికి ఇంకా సగం కట్టడంలోనే ఉంది, తొందరగానే చేతికొచ్చింది. ఈ దాడికి స్థానికంగా దారి చూపించినవాళ్ళలో ముఖ్యులు అంజూరుకర్ నాయకులు, గంగాజీ నాయక్, ఆయన అన్నదమ్ములు. అంజూరు మా భివండీ పక్క ఊరే. పోర్చుగీసు పాలనలో గుళ్ళు, పెళ్ళిళ్ళు, పండగల మీద ఉన్న ఒత్తిడి భరించలేక వాళ్ళు ఏళ్ళ తరబడి పేష్వా దగ్గరికి తిరిగారు. కాబట్టి ఇది ఒక్క రాత్రి పుట్టిన దండయాత్ర కాదు.

ఆ ఊపులోనే మరాఠా సర్దారు శంకరాజీ కేశవ్ ఫడ్కే వసయి మీదికి పోయాడు. ఆ ఏడాది గోడ ఎక్కే ప్రయత్నాలు చేశారు, ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే కింద పడ్డారు. పైగా కొంకణ్ వానాకాలం. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వాన చూడనివాళ్ళకి చెప్తే నమ్మరు, మందుగుండు పొడిగా ఉంచుకోవడమే ఒక యుద్ధం. ఆ తర్వాత పేష్వా దృష్టి ఉత్తరాదికి మళ్ళింది. నిజాం ఉల్ ముల్క్ తో భోపాల్ దగ్గర పోరు అప్పుడే, 1737 చివర, 1738 మొదట. మన హైదరాబాదు నిజామే, మొదటి ఆసఫ్ జా. వసయి పని అట్లా నాన్తూ ఉండిపోయింది.

1738 చివర్లో చిమాజీ అప్పా మళ్ళీ వచ్చాడు, ఈసారి పద్ధతి మార్చాడు. నన్నడిగితే అసలు జవాబు ఇక్కడ సగం ఉంది. నేరుగా వసయి మీదికి పోలేదు. ముందు దాని చుట్టూ ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా కోసేశాడు. 1739 జనవరిలో మాహిం (ఇది ముంబై మాహిం కాదు, ఉత్తరాన కేళ్వే మాహిం, చాలామంది పొరపడతారు), దాని వెంటనే తారాపూర్. తారాపూర్‌లో మందుపాతరలు పెట్టి గోడ పేల్చి లోపలికి దూకారు. అక్కడే బాజీ భీవరావ్ రేఠరేకర్ పోయాడు, బాజీరావుకి ప్రాణమిత్రుడు. వసయికి ఉత్తరం వైపు దారి అట్లా మూసుకుపోయింది. తర్వాత ఖాడీకి అవతల ఉన్న ధారావి గుట్ట. ఇది కూడా ముంబైలోని ధారావి కాదు, భాయందర్ వైపు ఉన్నది. అది పోతే వసయి ఖాడీలోకి వచ్చే పడవ ఏదైనా ఫిరంగి కిందే రావాలి. సముద్రం వైపు మరాఠా నౌకాదళ సర్దారు మానాజీ ఆంగ్రే పడవలు కాపలా.

ఇంకా ఒక ముక్క ఉంది, దీన్ని జనం మర్చిపోతారు. అదే టైములో, అదే జనవరిలో, పేష్వా బావమరిది వెంకటరావు ఘోర్పడే గోవా మీద పడ్డాడు. మడగావ్ పట్టుకున్నాడు, రాచోల్ కోటని చుట్టుముట్టాడు. గోవా మొత్తం జయించాలని కాదు, గోవా వైస్రాయి తన గుమ్మం ముందున్న మంట ఆర్పుకుంటూ వసయికి ఒక్క ఓడ కూడా పంపలేని పరిస్థితి తేవాలని. అనుకున్నట్టే జరిగింది.

ఇక మిగిలింది బొంబాయి ఇంగ్లీషువాళ్ళు. వసయి నుంచి వాళ్ళు పిలిస్తే పలికేంత దూరం. అంతకుముందు థానేని తిరిగి పట్టుకోవడానికి పోర్చుగీసువాళ్ళు చేసిన ప్రయత్నంలో వాళ్ళ సేనాని ఫిరంగి గుండుకి పోయాడు, ఆ దాడి కబురు ముందే మరాఠాలకి అందించింది ఇంగ్లీషువాళ్ళేనని పోర్చుగీసువాళ్ళ ఏడుపు. ఇప్పుడు వసయి కమాండరు బొంబాయి గవర్నర్ జాన్ హోర్న్ కి ఉత్తరాల మీద ఉత్తరాలు: మనుషులు కావాలి, మందు కావాలి, డబ్బు కావాలి. కొంత మందుగుండు ఇచ్చారు. డబ్బు కూడా ఇచ్చారు, 15,000 రూపాయలు. కానీ ఊరికే కాదు, చర్చిల్లోని వెండి సామాను, పైగా కొన్ని ఇత్తడి ఫిరంగులు తాకట్టు పెట్టుకుని. చుట్టూ శత్రువున్నప్పుడు ఫిరంగి తాకట్టు పెట్టినవాడి గతి చూడు. పెళ్ళికి అప్పిచ్చి పెళ్ళికూతురి మెళ్ళోది రాయించుకునే షావుకారు మన ఊళ్ళలో ఉండేవాడు, అదే బాపతు.

ఫిబ్రవరిలో చిమాజీ బలగం వసయి ముందు దిగింది. ఇక్కడి నుంచి నా సబ్జెక్టు.

ఇసుక నేల మీద కోట దాకా పోవాలంటే బయట నడవలేవు, అడ్డం నుంచి కాలుస్తారని చెప్పా కదా. కాబట్టి తవ్వుకుంటూ పోవాలి. మోర్చాలు అంటారు, వంకరటింకరగా కందకాలు, మట్టి కట్టలు, వాటి వెనక ఫిరంగులు. ఇసుకలో తవ్వడం రాయిలో తవ్వడం కన్నా తేలికని బయటివాళ్ళు అనుకుంటారు. తప్పు. రాయి నీ మాట వింటుంది, ఇసుక వినదు. మూడడుగులు తవ్వితే రెండడుగులు తిరిగి పూడుతుంది, సముద్రం పక్క కాబట్టి కొంచెం లోతుకి పోతే నీళ్ళూరతాయి. పక్కలకి చెక్కలు, తడికలు, ఇసుక బస్తాలు లేకుండా గుంత నిలబడదు. పైనుంచి రాత్రింబగళ్ళు తుపాకులు, కుండబాంబులు, మండే దుంగలు. ఒక్క గజం ముందుకి పోవడానికి ఎంతమంది పోయి ఉంటారో ఊహించుకో. ఇట్లా రెండు నెలల పైన సాగింది. కోట కమాండరు సిల్వేరా ద మెనెజెస్ కూడా ఈ కాల్పుల్లోనే పోయాడు, తర్వాత కాయెతానో ద సౌజా పెరేరా పగ్గాలు తీసుకున్నాడు.

మోర్చాలు గోడ దగ్గరికి చేరాక సురుంగ్. మరాఠీలో ఈ ఒక్క మాటకే రెండర్థాలు, మనం సొరంగం అనేదీ అదే, అందులో కూరి పేల్చే మందూ అదే. ఇప్పటికీ ఇక్కడి క్వారీల్లో షాట్ పెట్టడాన్ని, అంటే రాయికి బెజ్జం వేసి మందు కూరి పేల్చడాన్ని, సురుంగ్ లావడం అనే అంటారు. మొదటిసారి నేను పనిలో చేరినప్పుడు మేస్త్రీ సురుంగ్ లాగింది దూరం పో అంటే ఎక్కడో సొరంగం దొరికిందేమోనని అటే నడిచాను, చెవి పట్టుకుని వెనక్కి లాగాడు.

పని ఎట్లా ఉంటుందంటే, బురుజు పునాది కిందికి మనిషి వంగి పోయేంత దారి తవ్వుతారు. చివర ఒక చిన్న గది. అందులో నల్ల తుపాకీమందు నింపుతారు. ఇప్పటి జెలటిన్ కి ఉన్న విసురు దానికి లేదు, ముక్కలు చెయ్యదు, నెట్టుతుంది, ఎత్తి కుదేస్తుంది. గోడ కింద పెట్టడానికి నిజంగా అదే మంచిది. కానీ ఒక షరతు: నువ్వు వచ్చిన దారిని మళ్ళీ మట్టితో, బస్తాలతో గట్టిగా బిగించి మూసెయ్యాలి. మేం స్టెమ్మింగ్ అంటాం. అది వదులుగా ఉంటే ఆ బలమంతా తుపాకీ గొట్టంలోంచి వచ్చినట్టు వెనక్కి నీ మీదికే వస్తుంది, బురుజు చెక్కుచెదరదు. గోల్కొండ ముట్టడిలో ఔరంగజేబుకి ఇదే అయింది. లోపలివాళ్ళు అవతల నుంచి తవ్వొచ్చి మందు కొంత లాగేశారు, నీళ్ళు పోశారు, మిగిలింది మొఘలుల వైపే పేలి వాళ్ళ సైన్యాన్నే చంపింది. అంటే ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా డబ్బున్న సైన్యానికి కూడా ఈ పని సరిగ్గా కుదరలేదు.

ఇక రెండోది వత్తి. ఇప్పుడు మనకి డిటొనేటర్లున్నాయి, మిల్లీసెకండ్ల లెక్కన వరసగా పేలతాయి. అప్పుడు నెమ్మదిగా కాలే వత్తి ఒక్కటే. తడి తగిలితే ఆగినట్టుండి, లోపల కుములుతూ ఉండి, ఎప్పుడో అందుకుంటుంది. బయటున్నవాడికి ఆరిపోయిందో, కాలుతోందో తెలిసే మార్గం లేదు.

వసయి కింద మరాఠాలు పదమూడు సురుంగులు పెట్టారు. మే నెల 13న వాటికి నిప్పు పెట్టారు. ముఖ్యంగా శాన్ సెబాస్టియన్ బురుజు వైపు. (ఇంగ్లీషు రాతల్లో ఇదే రోజు మే 2 అని ఉంటుంది, కంగారు పడకు. వాళ్ళు అప్పటికి పాత క్యాలెండరే వాడుతున్నారు, పోర్చుగీసువాళ్ళు కొత్తది, పదకొండు రోజుల తేడా. దీని మీద జనం గంటలు గంటలు కొట్టుకోవడం చూశాను.) కొన్ని పేలాయి, గోడ విరిగి పెద్ద గండి పడింది. చూసినవాళ్ళు ఆగుతారా, రెండు నెలలు గుంతల్లో కూర్చున్న సైన్యం, ఒక్కసారి గండిలోకి ఎగబడ్డారు. సరిగ్గా వాళ్ళు దాని మీద ఉన్నప్పుడు, పేలకుండా మిగిలిన సురుంగ్ ఒకటి ఆలస్యంగా అందుకుంది. సొంత మనుషులే రాళ్ళతో పాటు పైకి లేచిపోయారు. ఆ దెబ్బకి దాడి తడబడింది, పోర్చుగీసువాళ్ళు తేరుకుని గండిని మళ్ళీ అడ్డుకట్టలతో మూసుకున్నారు.

నేను ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు బయట కూర్చున్నాను. ఎందుకంటే ఇలాంటిదొకటి నా కళ్ళ ముందు జరిగింది. భివండీ దగ్గర ఒక క్వారీ, పేరెందుకులే. ఆ రోజు ఆరు షాట్లు పెట్టాం, ఫ్యూజ్ తోనే. చప్పుళ్ళు లెక్కపెట్టడం మా అలవాటు, ఐదు లెక్కకి వచ్చాయి, ఆరోది రాలేదు. మిస్‌ఫైర్ అయితే అరగంట దాకా ఎవరూ దగ్గరికి పోకూడదు, ఇది రూలు, బ్లాస్టర్ సర్టిఫికెట్ పరీక్షలో మొదటి ప్రశ్న. కానీ లారీలు లైన్లో ఉన్నాయి, ఓనరు మనిషి అరుస్తున్నాడు, కుర్రాడొకడు రెండు షాట్లు కలిసి పేలుంటాయిలే అని పార పట్టుకుని దిగాడు. నేను అరిచేలోపు ఇరవై అడుగులు పోయాడు. ఆరోది అప్పుడు పేలింది. రాయి మోకాలి కింద తగిలింది, బతికాడు, కాలు మాత్రం వంకరగానే అతుక్కుంది. ఒక్క షాట్ కి అంత. బురుజు కింద కూరిన మందు ఎంతో, దాని మీద నిలబడ్డది ఎన్ని వందల మందో లెక్కేసుకో. పైగా అక్కడ అరగంట ఆగే వీల్లేదు, ఆగితే గండి మూసుకుపోతుంది. ఆ రోజు నిప్పు పెట్టినవాడి తప్పు నేను ఎంచలేను.

అయినా మరాఠాలు వెనక్కి పోలేదు. అదే రోజు, మర్నాడు మళ్ళీ మళ్ళీ దూకారు, కొత్తగా సురుంగులు అంటించారు, రెమెడియోస్ మాత పేరున్న బురుజు వైపు కూడా ఒత్తిడి పెట్టారు. చివరికి శాన్ సెబాస్టియన్ మీద కాలు పెట్టి నిలబడగలిగారు. బురుజు మీద శత్రువు నిలబడితే ఊరంతా అతని కింద ఉన్నట్టే. లోపల తిండి లేదు, మందు అడుగంటింది, జీతాల్లేవు, గోవా నుంచి ఎవరూ రారు. తెల్లజెండా ఎగిరింది. మే 16న ఒప్పందం రాసుకున్నారు, ఖాళీ చెయ్యడానికి ఎనిమిది రోజులు. సైనికులు ఆయుధాలతో, జెండాలతో, డోళ్ళు వాయించుకుంటూ బయటికి పోవచ్చు. ఊళ్ళోవాళ్ళు ఉండాలంటే ఉండొచ్చు, పోవాలంటే సామానుతో పోవచ్చు. ఇన్ని వేల మందిని పోగొట్టుకున్న సైన్యం ఊరి మీద పడి నరకలేదు, ఈ మాట పోర్చుగీసువాళ్ళూ కాదనరు. మే 23న మరాఠాల భగవా (కాషాయ) జెండా ఎక్కింది.

ఎన్ని వేలంటే, మరాఠాలు స్వయంగా ఒప్పుకున్న లెక్కే చచ్చినవాళ్ళు, దెబ్బలు తిన్నవాళ్ళు కలిపి అయిదు వేల పైన. పోర్చుగీసువాళ్ళు 12,000 అన్నారు, అది కాస్త గొప్ప కలిపిన లెక్కలా అనిపిస్తుంది నాకు. వాళ్ళ వైపు పోయింది, గాయపడింది కలిపి ఎనిమిది వందల దాకా.

ఇంత తొందరెందుకు, ఇంకో నెల చుట్టుముట్టి కూర్చుంటే ఆకలికే లొంగేవాళ్ళు కదా అని నువ్వే కామెంట్లలో అడిగావు. రెండు కారణాలు. ఒకటి వాన. మే మధ్య దాటిందంటే ఇక్కడ రోజులు లెక్కపెట్టుకోవాలి, జూన్ మొదటి వారానికి తవ్విన సొరంగాలన్నీ నీళ్ళ బావులవుతాయి, రెండేళ్ళ కష్టం పోతుంది. రెండోది నాదిర్ షా. ఆ ఫిబ్రవరిలోనే కర్నాల్ దగ్గర మొఘలులను ఓడించి, మార్చిలో ఢిల్లీలో ఊచకోత కోయించాడు. అతను దక్షిణానికి తిరిగితే అడ్డుకోవడానికి బాజీరావుకి ప్రతి మనిషీ కావాలి, మంచి దళాలన్నీ వసయి ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. ఆ టెన్షన్లో చిమాజీ ఎట్లా నిద్రపోయాడో మరి, మనిషి మొదటి నుంచీ ఆరోగ్యం అంతంతమాత్రం. కోట దక్కిన ఏడాదిన్నరకే, 1740 డిసెంబరులో పోయాడు. బాజీరావు అదే ఏడాది ఏప్రిల్లో.

కోటలోకి నేను పోలేకపోతే కనీసం నా తల ఫిరంగిలో పెట్టి లోపలికి పేల్చండి అని చిమాజీ సర్దారులతో అన్నాడని ఒక కథ ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెప్తారు. నాకు నమ్మకం తక్కువ. ఆ రెండేళ్ళు అతను చేసినదంతా చూస్తే డైలాగులు కొట్టే మనిషిలా కనపడడు, బియ్యం, మందు, పారలు లెక్కపెట్టుకునే మనిషిలా కనపడతాడు. కథని మాత్రం కాదనను, అలాంటి ఘట్టానికి అలాంటి మాట ఒకటి పుట్టకుండా ఉండదు.

అందుకని మరాఠాలకి ముట్టడి రాదు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను, వాళ్ళకి అది పుట్టుకతో వచ్చింది అనేవాళ్ళతోనూ ఒప్పుకోను. శివాజీ మహారాజు అంతటివాడికే సముద్రంలోని జంజీరా కోట దక్కలేదు. 1737లో వసయి దక్కలేదు. 1739లో నేర్చుకుని చేశారు, చేస్తూ నేర్చుకున్నారు, ఆ నేర్చుకునే ఖర్చు మనుషుల్లో కట్టారు. దాన్ని చూసి ఎక్కువ భయపడింది పోర్చుగీసువాళ్ళు కూడా కాదు, బొంబాయివాళ్ళు. వెంటనే ఊరి చుట్టూ కందకం తవ్వడం మొదలుపెట్టారు, వ్యాపారులు 30,000 రూపాయలు చందా వేశారు. పక్కింటివాడికి తాకట్టు మీద అప్పిచ్చినవాళ్ళకి తమ గోడ గుర్తొచ్చింది.

చూడాలనుకుంటే వానాకాలం వద్దు, లోపల గడ్డి నడుము దాకా పెరుగుతుంది, పాముల భయం. డిసెంబరు, జనవరి బాగుంటుంది. వసయి రోడ్ స్టేషన్లో దిగి కిల్లా వైపు బస్సు గానీ ఆటో గానీ పట్టుకో. లోపల పడిపోయిన చర్చిలు చాలా ఉన్నాయి, ఫోటోలకి అందరూ అక్కడే ఆగుతారు, నువ్వు గోడ వెంట నడువు, శాన్ సెబాస్టియన్ బురుజు ఎటని అడుగు. చర్చి గంటలు మాత్రం అక్కడ వెతక్కు, అవి గెలిచినవాళ్ళతో వెళ్ళిపోయాయి. ఒకటి నాసిక్‌లో గోదావరి ఒడ్డున నారోశంకర్ గుడి మీద ఉంది, మీద 1721 అని అంకె కూడా కనపడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు టైముంటే వజ్రేశ్వరి రా. వసయి దక్కితే గుడి కట్టిస్తానని చిమాజీ మొక్కుకున్న అమ్మవారు, గుడి ముఖద్వారం కోట ద్వారంలాగే ఉంటుంది. అక్కణ్ణుంచి మా ఇంటికి ఎంతో దూరం లేదు. ముందురోజు మెసేజ్ పెట్టు, జొన్నరొట్టె చేయిస్తా.